తిరగేసిన ఆనందం

మా బావ పోయాడన్న కబురు నాకు ఒక ఫోటోగా వచ్చింది. ఆదివారం పొద్దున కాఫీ తాగుతుంటే ఫోను మోగింది. తెరిస్తే తమిళంలో పెద్ద అక్షరాలతో "కన్నీర్ అంజలి", రెండు పక్కలా రెండు కొవ్వొత్తులు, నడుమ మా బావ. మధ్యాహ్నానికి అదే బొమ్మ కోయంబత్తూరు పక్కన మా పోదనూరు స్టేషను దారిలో ఫ్లెక్సుగా వేలాడింది. ఎవరో ఫోను ముందుకు చాచి తీసిన ఫోటో అది. అద్దంలో లాగా అటుదిటు అయింది. చొక్కా జేబు ఆయన కుడివైపు రొమ్ము మీదికి పోయింది.

నలభై ఏళ్ళు ఊరందరి మొహాలు తీసినవాడికి చివరికి దక్కింది తిరగబడిన ఫోటో. దాని కింద తల వంచుకుని నిలబడ్డ వాళ్ళలో ఒక్కరికీ ఆ జేబు కనబడలేదు. నాకు కనబడింది. ఎందుకు కనబడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాలుగోనాడు చాపెల్లో జ్ఞాపక కూటం పెట్టారు. వరసగా ఆరుగురు మాట్లాడారు. అందులో ముగ్గురికి ఆయన స్టూడియో ఏ వీధిలో ఉండేదో కూడా తెలియదు. "మచ్చలేని మనిషి" అన్నాడొక పెద్దమనిషి. ఆ మాట వింటే మా బావ నవ్వేవాడు. మచ్చలు తీయడం ఆయన వృత్తి. పెళ్ళిచూపులకు పంపే ఫోటోల మీద పెన్సిలు మొనతో చిన్నచిన్న చుక్కలు పెట్టి మొటిమలు, గాట్లు మాయం చేసేవాడు. "మచ్చ తీయొచ్చు, మనిషిని తీయకూడదు" అనేవాడు. కొందరు వచ్చి ముక్కు సన్నం చెయ్యమనీ, రంగు తేల్చమనీ అడిగితే, "దానికి మీ నాయన్ను అడగాల, నన్ను కాదు" అని పంపేసేవాడు.

కూటంలో నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు. వాళ్ళకు కారణం ఉంది. నేనూ ఆయనా ముప్పై అయిదేళ్ళు మాట్లాడుకోలేదు.

ఆయన మా అక్క మొగుడు. మేము ఎప్పుడో రైలు పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మాకు మాట మిగిలింది, అక్షరం పోయింది. కాలనీ మొత్తంలో తెలుగు చదవను రాయను వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పార్సిలు ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. బెజవాడ నుంచి వచ్చే బుట్టలకు చుట్టిన పాత పేపర్లు విప్పి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. తర్వాత మూడు భాషల్లోనూ దొరికిందల్లా చదివాను. ఆ గర్వం నాకు ఉండేది. ఆదివారం చాపెల్లో తెలుగు పాఠం చదివేది నేనే. చదువుతుంటే ముసలమ్మలు కళ్ళు మూసుకుని వినేవాళ్ళు.

మా బావకు పుస్తకాల గొడవ లేదు. ఆయన చదివేది మనుషుల్ని. "మొగం చూడొద్దు, మెడ చూడు. మొగం అబద్ధం చెప్తాది, మెడకు చేతకాదు" అనేవాడు. నవ్వమని ఎవరికీ చెప్పేవాడు కాదు, ఊపిరి వదలమనేవాడు. ఫోటోలు కడిగే మందు వాసన పోవాలని ప్రతి పనికీ చివర నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేవాడు. అందుకే ఆయన ఇంట్లోకి వచ్చాడంటే ముందు నిమ్మకాయ వాసన వచ్చేది.

ఫోటో ఎంచడానికి ఆయన పద్ధతి ఒకటుండేది. తీసినవన్నీ బల్లమీద వరసగా పరిచేవాడు. చాలాసేపు ఊరికే చూసేవాడు. తర్వాత నచ్చనిదాన్ని రెండు చేతులా పట్టుకుని, మెల్లగా బోర్లా తిప్పిపెట్టేవాడు. విసిరేసేవాడు కాదు, పక్కకు నెట్టేవాడు కాదు. "వద్దనేటప్పుడు మర్యాదగా చెప్పాల" అనేవాడు. ఒక్కొక్కటే బోర్లాపడి, చివరికి ఏది మొహం పైకి పెట్టుకుని మిగిలితే అదే ఎంచుకున్నది.

మా గొడవ మొదలైంది కూడా ఒక ఫోటో ఎంచడం దగ్గరే.

లోకో షెడ్డులో పనిచేసే పదిమంది కలిసి అప్పట్లో ఒక బ్యాండు సెట్టు పెట్టుకున్నారు. దాని పేరు ఆనందం. పెళ్ళికీ అదే, చావుకీ అదే. సావింటి ముందర కూడా "ఆనందం వచ్చింది, దారి విడండి" అని అరిచేవాళ్ళు. వాళ్ళ పాటలను కోయంబత్తూరు కంపెనీ ఒకటి క్యాసెట్టు వేస్తానంది. అట్ట మీదికి ఫోటో కావాలి. ఆ రోజు పొద్దున పెద్ద డ్రమ్ము తోలు మీద నల్లరంగుతో నేను "ఆనందం" అని తెలుగులో రాశాను. తడి ఆరీ ఆరకముందే షెడ్డు ముందర అందరినీ నిలబెట్టి, డ్రమ్మును ముందు పెట్టి, మా బావ ఒక రోలంతా తీశాడు. మూడు రోజులు బల్లమీద పరిచి, తిప్పి, ఒకటి తేల్చాడు.

క్యాసెట్టు వచ్చింది. అట్ట చూశాను. డ్రమ్ము మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి. ఎటు తిప్పినా మారనివి రెండు సున్నలే. అవి మాత్రం సున్నల్లాగే ఉన్నాయి. నెగటివును బోర్లాపెట్టి అచ్చు తీశాడని నాకు తెలిసింది. మిగతా ఎవరికీ తెలియలేదు. ఎవరికి చదవను వచ్చు గనక?

బావతో చాటుగా చెబుదామనుకుంటూ ఉండగా, ఆ ఆదివారమే నెల్లూరు నుంచి ఒక అయ్యగారు వాక్యం చెప్పడానికి వచ్చారు. ఎవరో ఆయన చేతిలో క్యాసెట్టు పెట్టారు. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, పెద్దగా నవ్వారు. "ఏమండీ, ఇదేం తెలుగు? ఎవరు రాశారో గానీ అక్షరాలే తప్పు!" అన్నారు. సాయంత్రం రైలుకు ఆయన వెళ్ళిపోయారు. నవ్వు మా దగ్గర ఉండిపోయింది.

"రాసింది నేనే. తప్పు రాయలేదు. బావ తిరగేసి అచ్చేసినాడు" అన్నాను చాపెలు వాకిట్లో.

పెద్దలంతా ఆయన వైపు తిరిగారు. "ఏమప్పా, తిప్పినారా?"

"నా చేతిలో అట్లాంటి తప్పు జరగదు" అన్నాడు మా బావ. నా వైపు చూడకుండా చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోయాడు.

డ్రమ్ము చూపించి తేలుద్దామంటే, అంతకు ముందే ఒక శవయాత్రలో వానకు తడిసి తోలు చినిగిపోయింది. అట్టమీద చూస్తే వాద్యాలు నేలమీద ఉన్నాయి, తలలకు టోపీలు, కోట్లకు రెండువైపులా జేబులు, మొహాలు వేలిగోరంత. కుడి ఏదో ఎడమ ఏదో సాక్ష్యం చెప్పేవి అక్షరాలే. ఆ సాక్షిని ప్రశ్నించడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, నేనే ముద్దాయిని. నెగటివు చూపించమంటే కంపెనీవాళ్ళ దగ్గర ఉందన్నాడు.

మరుసటి వారం కమిటీ కూర్చుంది. "తెలుగు సరిగ్గా రానప్పుడు చదివేది ఎందుకు, తమిళమే ఉండనీ" అన్నారు. ఆ కమిటీలో ఒక్కడికీ 'అ' అంటే ఏదో తెలియదు. నాకు తెలుగు రాదని తీర్పు చెప్పింది వాళ్ళు. ఆ ఆదివారం నుంచి మా చాపెల్లో తెలుగు చదవడం ఆగిపోయింది. కళ్ళు మూసుకుని వినే ముసలమ్మలు ఒక్కొక్కరే పోయారు, మళ్ళీ వినకుండానే. ఆ లెక్కంతా నేను మా బావ పేరనే రాసుకున్నాను.

రెండు వీధుల దూరం. ముప్పై అయిదేళ్ళు. మా అక్క నడుమ నలిగింది. ఆమె పోయినప్పుడు శవపెట్టె మీద ఏ ఫోటో పెట్టాలని ఆయన మనిషితో అడిగించాడు. "ఆయనిష్టం" అని నేనూ మనిషితోనే చెప్పించాను. నా జీవితంలో సిగ్గుపడాల్సిన మాటల్లో అదొకటి.

పోయిన ఏడాది ఆయన మనవరాలు మా ఇంటికొచ్చింది. కోయంబత్తూరులో ఉద్యోగం, శని ఆదివారాల్లో ముగ్గురు స్నేహితులతో పాటల బ్యాండు. పాత క్యాసెట్టు వరసలకు కొత్త మాటలు కట్టి ఆల్బం చేస్తున్నారట. దాని పేరూ ఆనందమేనట. అట్టకు పాత ఫోటో కావాలట.

"మామతాతా, తాత మిమ్మల్ని పిల్చుకోని రమ్మన్నాడు."

"ముప్పై అయిదేళ్ళకు గుర్తొచ్చినానా?"

"ఆయన పిలవలే. అబద్ధం చెప్పినా. రాండి, కాఫీ తాగేసి కొట్లాడుకోండి. నాకు ఫోటో దొరికితే సరి."

ఆ పిల్లకు మా అక్క నోరు వచ్చింది. వెళ్ళాను.

స్టూడియో ఎప్పుడో మూసేశారు. ఇంట్లో కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు, సగానికి సగం తగ్గిపోయి. ఎదురుగోడకు తెలుగు అక్షరాల పటం ఒకటి వేలాడుతోంది. పాటలు తమిళ అక్షరాల్లో రాసుకుని పాడటం ఇష్టంలేక ఆ పిల్ల నేర్చుకుంటోందట. 'అ' పక్కన అమ్మ బొమ్మ, 'ఆ' పక్కన ఆవు బొమ్మ.

"వచ్చినావా" అన్నాడు, నేనేదో బీడీలకని వీధి చివరికి పోయి వచ్చినట్టు.

"వచ్చినా" అన్నాను.

అంతే. మిగతా పలకరింపు మాకెవరికీ చేతకాలేదు.

శనివారం మధ్యాహ్నాలు బిస్కెట్టు డబ్బాల్లోంచి నెగటివులు తీసేవాళ్ళం. ఆ పిల్ల వాటిని కంప్యూటరుకు ఎక్కించి కాగితాల మీద అచ్చు తీసుకొచ్చేది. ఆయన బల్లమీద పరిచేవాడు, చూసేవాడు, తిప్పేవాడు. దిండిగల్ స్టేషనులో డ్రమ్ముకు తలలానించి నిద్రపోతున్న బ్యాండువాళ్ళ ఫోటో నాకు నచ్చింది. అంత మంచి ఫోటో ఆయన జన్మలో తీయలేదన్నాను. పొగిడానో తిట్టానో నాకే తెలియదు.

"నిద్రపోయేవాళ్ళను అడక్కుండా అట్టమీద వెయ్యకూడదప్పా" అని దాన్ని బోర్లా తిప్పాడు.

ఒకదానిలో మా అక్క, బ్యాండువాడి టోపీ పెట్టుకుని, చేతిలో కంచు తాళాలతో, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆ పిల్ల ఎగిరి గంతేసింది. "ఇదే దా! ఇదే దా అట్ట!"

"వద్దు" అన్నాం ఇద్దరం ఒక్కసారే. ముప్పై అయిదేళ్ళలో మేము కలిసి చెప్పిన మొదటి మాట అది.

దాన్ని మాత్రం ఆయన బోర్లా పెట్టలేదు. తీసి నాకిచ్చాడు.

మూడో శనివారమో నాలుగోదో, ఒక డబ్బా ఖాళీ అవుతుంటే, "అడుగున ఇంకొకటి ఉండాది, చూడు" అన్నాడు. పసుపుపచ్చని కాగితం మడతలో ఒక్క నెగటివు. కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. షెడ్డు, పదిమంది, డ్రమ్ము.

"కంపెనీ దగ్గర ఉండాదంటివే బావా?"

"అబద్ధం."

"తిప్పినావు కదా?"

"తిప్పినా. పేరు వేసేదానికి పైన ఎడమ పక్క చోటు కావాలన్నారు. ఆకాశం కుడి పక్క ఉండె. తిప్పినా."

"డ్రమ్ము మీద నేను రాసిన ఎళ్ళుత్తు ఉండాదని కళ్ళకు కనబడలేదా?"

ఆయన గోడమీది అక్షరాల పటం వైపు చూశాడు. "అది ఎళ్ళుత్తని తోచలే. తమిళమయి ఉంటే తిప్పుతానా? నాకది ముగ్గు మాదిరి కనబడె. ముగ్గును ఎటు తిప్పినా ముగ్గే కదా."

నాకు నవ్వొచ్చింది. వెంటనే కోపం వచ్చింది. "మరి ఆ దినం ఒప్పుకొని ఉంటే నీ సొమ్మేం పోయె?"

"అంతమందిలో, ఇంట్లో మాట్లాడే భాషను ముగ్గనుకుంటినని ఎట్ల చెప్పేది బామ్మర్దీ? నీకు పరువు ఎక్కువ ఉండె. నాకు ఉండిందే కొంచెం."

పెద్దమనసున్నవాడైతే అక్కడ ఆగిపోయేవాడు. నేను ఆగలేదు. కొత్త ఆల్బం అట్టమీద ఆ ఫోటో సరైన వైపున పడాలన్నాను. లోపల ఒక వాక్యం కూడా ఉండాలన్నాను: పాత అట్టమీద తప్పు స్టూడియోది, అక్షరాలు రాసినవాడిది కాదు అని.

"మామతాతా, ఇది పాటల ఆల్బమా, కోర్టు తీర్పా?" అంది ఆ పిల్ల.

"రాసుకోనీ కన్ను" అన్నాడు బావ మనవరాలితో. "ఆయనకు రావాల్సిందే."

మరుసటి శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. అట్ట ఎట్లా ఉంటుందో పోల్చుకోవడానికని ఆ పిల్ల రెండు పెద్ద అచ్చులు తెచ్చింది, ఒకటి పాత అట్ట మాదిరిగా తిరగబడింది, ఇంకొకటి సరైనది. రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టింది. డ్రమ్ము నా అరచెయ్యంత ఉంది. కళ్ళద్దాలు తుడుచుకుని వంగాను.

సరైనదాని మీద మొదటి అక్షరం 'అ'.

'ఆ' కాదు. చివర లోపలికి తిరగాల్సిన చిన్న మెలిక లేదు. నేను పెట్టలేదు. "అనందం" అని రాశాను. ఆనందం కానిది అని ఎవరైనా అర్థం చెబితే కాదనడానికి లేదు. మూడు భాషల్లో చదివినవాణ్ణి, పిల్లలు మొదటి దినం నేర్చుకునే రెండు అక్షరాల నడుమ తప్పిపోయాను. తిరగేసిన గోరంత బొమ్మలో ఆ తప్పు ముప్పై అయిదేళ్ళు ఎవరికీ కనబడలేదు, నాకు కూడా. నెల్లూరు అయ్యగారి కంటికి ఏది కనబడి నవ్వారో ఇప్పుడు అడగడానికి ఆయన లేరు. మా బావ తన తప్పుతో నా తప్పును ఇన్నాళ్ళూ కప్పి ఉంచాడు, తెలియకుండానే.

"సరిగ్గా ఉండాదా? చదువప్పా" అన్నాడు.

"ఆనందం" అన్నాను, 'ఆ'ను బాగా సాగదీసి. అంత పొడుగు 'ఆ' నా గొంతులో తప్ప ఎక్కడా లేదు.

ఎప్పుడూ తిప్పేది ఆయనే. ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఈ దినం నువ్వు తిప్పు బామ్మర్దీ."

సరైన అచ్చును తీసి బోర్లా పెట్టాను. మర్యాదగా కాదు, తొందరగా. "పాతది పాత మాదిరే ఉండనీ. తిరగబడిందే బాగుండాది" అన్నాను.

"ఏంది మామతాతా! పోయిన వారమంతా కోర్టు పెట్టి, ఇప్పుడు..." అంటోంది ఆ పిల్ల.

"వదులు కన్ను. ఎంచినాడు కదా" అన్నాడు బావ. ఆయన చూపు నా మీద నుంచి గోడమీద పటానికి పోయింది, అక్కడే ఉండిపోయింది. అలిసిపోయాడనుకున్నాను.

తర్వాత రెండు శనివారాలు ఒళ్ళు బాగాలేదని వంక పెట్టి వెళ్ళలేదు. మూడోవారం ఆదివారం, జేబు కుడివైపున్న ఫోటో వచ్చింది.

కూటం అయిపోయాక ఆ పిల్ల నా వెనకే ఇంటిదాకా నడిచి వచ్చింది. చేతిలో పెద్ద కవరు.

"తాత ఇది మీకియ్యమన్నాడు. అచ్చుకు పోయేముందర చూపించమన్నాడు. నేనే దా ఆలస్యం చేసినా."

లోపల నేను బోర్లాపెట్టిన అచ్చు ఉంది. సరైన వైపుది. డ్రమ్ము మీద మొదటి అక్షరం చూశాను. చివర మెలిక ఉంది.

పెన్సిలుతో పెట్టాడు. ఎనభై దాటిన చెయ్యి. ఉండాల్సిన దానికంటే ఒక పిసరు పెద్దగా వచ్చింది. అక్షరం నలుపుతో కలిసేదాకా చిన్నచిన్న చుక్కలతో పూడ్చాడు, పెళ్ళికూతుళ్ళ గాట్లు పూడ్చినట్టు. అచ్చు వెనక్కి తిప్పితే సాధన చేసిన గుర్తులు ఉన్నాయి. అ, ఆ, అ, ఆ. పటం చూసి దించినవి. మొదటివి మెలిక ఎక్కడ పెట్టాలో తెలియక వెతుక్కున్నాయి. చివరివి దాన్ని కనుక్కున్నాయి.

"ఏమైనా చెప్పినాడా?" అని అడిగాను.

"పెన్సిలు చెక్కియ్యమన్నాడు. రెండు దినాలు పట్టె. అయిపోయినాక, 'మచ్చ ఉండె, తీసినానని చెప్పు. మనిషిని ముట్టుకోలేదని చెప్పు' అన్నాడు. ఏం మచ్చ మామతాతా?"

ఆమెకు చెప్పాను. చాపెలు కమిటీకి చెప్పాలంటే వాళ్ళలో ఎవరూ మిగల్లేదు, అందుకని ఇప్పుడు మీకు చెబుతున్నాను. తిప్పింది ఆయనే. తప్పు రాసింది నేను. ఆయన ఒక్కసారి అబద్ధం చెప్పి ముప్పై అయిదేళ్ళకు ఒప్పుకున్నాడు. నేను అదే బల్ల దగ్గర, ఆయన ఎదురుగా, వారం తిరిగేసరికి అదే పని చేశాను. ఆయన చూసి కూడా నన్ను వాకిట్లో నిలబెట్టలేదు.

"అయితే ఏది వెయ్యమంటారు?" అంది ఆ పిల్ల. "తిరగబడిందా, ఇదా?"

"ఇది" అన్నాను. లోపల వేయమన్న వాక్యం తీసేయమన్నాను.

అట్ట అచ్చుకు పోయింది. అందులో 'అ' నాది, మెలిక ఆయనది. మా బావ తన జన్మలో రాసి ఊరికి చూపించిన తెలుగు అంతే, సగం అక్షరం. అచ్చయిన అట్టమీద ఆ తేడా ఎవరికీ తెలియదు. ఆయన పెన్సిలు పెట్టిన కాగితం మాత్రం నా దగ్గర ఉంది, మా అక్క నవ్వే ఫోటో పక్కన. కిటికీ దగ్గర కొంచెం వాల్చి పట్టుకుంటే పదిమందీ, షెడ్డూ, డ్రమ్మూ మసకబారతాయి. మెలిక ఒక్కటే మెరుస్తుంది.